ఆకు సారం గడ్డను ఆపుతుందా? గాజు గొట్టం చెప్పని సంగతులు

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. కరిచింది రక్తపింజరా, మరో పామా అన్నది రోగిని తీసుకొచ్చినవాళ్లకూ చాలాసార్లు తెలియదు. ఇలాంటప్పుడు అక్కరకొచ్చే పరీక్ష ఒకటుంది. దానికి పెద్ద యంత్రమేమీ అవసరం లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టి కదలకపోతే సరే. ఇంకా ద్రవంగానే జారిందంటే విషం రక్తం మీద పనిచేస్తోందన్నమాట. విరుగుడు మందు ఎక్కించాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసే పరీక్ష ఇది.

ఇంత చిన్న పరీక్షలోనే పెద్ద చిక్కుముడి ఉంది. ఇదే రక్తం మన ఒంట్లో డెబ్బై, ఎనభై ఏళ్లు గడ్డకట్టకుండా పారుతుంది. గాజు గొట్టంలో పోస్తే నిమిషాల్లో గడ్డవుతుంది. గొట్టం ప్లాస్టిక్‌దైతే ఈ పరీక్షను నమ్మడానికి లేదు, ఎందుకంటే గడ్డకట్టే పనిని మొదలుపెట్టించేది గాజు గోడే. డిటర్జెంటుతో కడిగిన గొట్టమైనా తప్పుడు జవాబు రావచ్చు. రక్తాన్ని దేనిలో పోశాం, దానికి ఏం తగిలింది, అందులో ఏం కలిసింది అన్నవాటిని బట్టి ఫలితం మారిపోతుంది. మొక్కల సారాలతో రక్తం గడ్డలను ఆపుతామనే పరిశోధనలను చదివేటప్పుడు ముందుగా గుర్తుకు రావాల్సింది ఇదే.

పాముకాటులో గడ్డకట్టకపోవడం ముప్పు. పక్షవాతంలో, గుండెపోటులో, కాలి సిరల్లో గడ్డల జబ్బులో కట్టకూడని చోట కట్టడం ముప్పు. ఈ రెండో రకానికి మందులున్నాయి కానీ అన్నింటితోనూ రక్తస్రావం భయం ఉంది. గడ్డను ఆపాలి, గాయమైతే మాత్రం రక్తం ఆగాలి. అలాంటి మందు ఏ చెట్టులోనైనా ఉందేమోనని వెతుకులాట.

హనుమకొండ విద్యారణ్యపురిలోని కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాల సరే, వరంగల్ చుట్టుపక్కల ప్రైవేటు ఫార్మసీ కాలేజీలూ తక్కువేమీ లేవు. బీఫార్మసీలో చేరిన పిల్లలు మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లోనే వేలు గుచ్చుకుని రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలో రక్తం నింపి, అర నిమిషానికోసారి కొస నుంచి చిన్న ముక్క విరుస్తారు. విరిచిన రెండు ముక్కల మధ్య సన్నని దారం సాగిందంటే గడ్డ మొదలైనట్టు. చివరి ఏడాది ప్రాజెక్టుకొచ్చేసరికి ఆ రక్తంలో ఆకు సారం కలిపి చూడాలనిపించడం సహజమే. ఏటూరునాగారం, పాఖాల అడవులు దగ్గర, ఆకుకు ఖర్చులేదు, తూకపు యంత్రం కాలేజీలోనే ఉంటుంది.

మత్తడి దూకే ప్రొటీన్లు

ఆ దారం ఎక్కడినుంచి వచ్చింది? గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. రక్తంలో డజను దాకా ప్రొటీన్లు ఇలాగే వరసలో, పని మొదలుపెట్టకుండా కాచుకుని ఉంటాయి. మొదటిది మేలుకుంటే రెండోదాన్ని లేపుతుంది, రెండోది మూడోదాన్ని. ఒక్క తేడా ఉంది. చెరువు తనకు వచ్చిన నీటినే కిందికి వదులుతుంది. రక్తంలో ఒక్కో అణువు తన కింది వరసలో అనేక అణువులను లేపుతుంది. అందుకే పైన చుక్కగా మొదలైంది అడుగుకు చేరేసరికి వరద.

ఆఖరి చెరువు పేరు త్రాంబిన్. రక్తంలో కరిగి ఉండే ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్‌ను అది కత్తిరించి ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. విద్యార్థి గాజు ముక్కల మధ్య చూసిన దారం అదే. ఈ వరసలో చాలాచోట్ల కాల్షియం ఉండి తీరాలి. నాలుగు ప్రొటీన్లు కాలేయంలో సరిగ్గా తయారు కావాలంటే విటమిన్ కె కావాలి. కాల్షియం, విటమిన్ కె ముందుముందు మళ్లీ కథలోకి వస్తాయి.

వరసకు పైనుంచి రెండు దారులున్నాయి. గాయపడిన కణజాలం నుంచి వచ్చే ఒక ప్రొటీన్ ఒక దారిలో తూము ఎత్తుతుంది. గాజులాంటి పరాయి తలం రెండో దారిలో ఎత్తుతుంది. ఒకటి మరొకదాన్ని లేపే ఈ వరస ఆలోచనను 1964లో ఇంగ్లండులో రాబర్ట్ మాక్‌ఫర్లేన్, అమెరికాలో ఎర్ల్ డేవీ, ఆస్కార్ రాట్నాఫ్ వేర్వేరుగా, దాదాపు ఒకేసారి ప్రకటించారు. మాక్‌ఫర్లేన్ అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1934లో, రక్తపింజర విషాన్ని బాగా పలుచన చేసి హిమోఫీలియా రోగుల గాయాలపై వాడి రక్తస్రావం ఆపవచ్చని చూపినవాడు. రక్తం కారేలా చేసే విషం రక్తాన్ని ఆపడమేమిటి? ఈ విషం వరసలో కింద ఉన్న పదో నంబరు ప్రొటీన్‌ను నేరుగా లేపుతుంది. చిన్న గాయం మీద అది మేలే. కాటు వేసినప్పుడు మాత్రం ఒళ్లంతా ఒకేసారి మత్తళ్లు దూకి ఉన్న నిల్వలన్నీ ఖర్చయిపోతాయి. ఆపైన గాజు గొట్టంలో గడ్డకట్టడానికి ఏమీ మిగలదు.

ఫైబ్రిన్ పోగులు ఒక్కటే గడ్డ కాదు. డెంగీ రోజుల్లో అందరి నోటా వినిపించే ప్లేట్‌లెట్లు ముందుగా వచ్చి గాయం దగ్గర గుంపుకడతాయి, పోగులు వాటిని బిగిస్తాయి. తోటి ప్లేట్‌లెట్లను పిలవడానికి అవి వాడే కబురు ఏడీపీ అనే చిన్న అణువు. మన కణాలకు శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు ఊడితే వచ్చేదే ఏడీపీ. ఆ ఏటీపీని కండరంలో గుర్తించి 1929లో ప్రకటించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని అది. ఈనాడు స్టెంటు వేయించుకున్నవాళ్లు మింగే క్లోపిడోగ్రెల్ మాత్ర చేసే పనల్లా ఆ ఏడీపీ కబురు ప్లేట్‌లెట్‌కు అందకుండా చేయడమే.

బాక్స్: మూడు పనులు, మూడు రకాల మందులు

ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా ఆపేవి ఒక రకం: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. ఫైబ్రిన్ పోగులు పుట్టకుండా ఆపేవి రెండో రకం: హెపారిన్, వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా రాసే అసిట్రోమ్. ఇప్పటికే కట్టిన గడ్డను కరిగించేవి మూడో రకం: స్ట్రెప్టోకైనేజ్ లాంటివి. స్ట్రెప్టోకైనేజ్‌కు మూలం బ్యాక్టీరియా, మొక్క కాదు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ ‘శాంకినేజ్’ పేరుతో, భారత్ బయోటెక్ ‘ఇండికినేజ్’ పేరుతో దీన్ని తయారుచేశాయి. మొదటి రెండు రకాలూ ముఖ్యంగా కొత్త గడ్డ కట్టకుండా, మూడోది ముప్పు ముంచుకొచ్చాక. ఒక పనికి పనికొచ్చేది మరో పనికి పనికిరాకపోవచ్చు. ‘ఫలానా ఆకు గడ్డలకు మంచిది’ అని ఎవరైనా అంటే ఈ మూడింటిలో ఏ పని అని అడగాలి.

ఆకు నుంచి సెకన్ల దాకా

పరీక్ష ఆకుతో మొదలవదు, ఆకు పేరుతో మొదలవుతుంది. ఒకే తెలుగు పేరును రెండు ఊళ్లలో రెండు మొక్కలకు వాడతారు. అందుకే వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కను చూసి శాస్త్రీయ నామం ఖరారు చేయాలి, ఎండబెట్టిన నమూనా ఒకటి భద్రపరచాలి. ఆ తర్వాత నీడలో ఆరబెట్టడం, పొడి కొట్టడం, నీటిలోనో ఆల్కహాలులోనో మరిగించి సారం దింపడం, ద్రావకాన్ని ఆవిరి చేసి ముద్ద మిగల్చడం. ద్రావకం మారితే సారమూ మారుతుంది. తెల్లమద్ది బెరడును నీటిలో కాచితే వచ్చేది వేరు, ఆల్కహాలులో నానబెడితే వచ్చేది వేరు.

రక్తం వైపు పని ఇలా. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సోడియం సిట్రేట్ ద్రావణం కలుపుతారు. సిట్రేటు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి వరస ముందుకు కదలదు. ఎర్రకణాలను కిందికి దించి పైన తేలిన లేత పసుపు ప్లాస్మాను తీస్తారు. అందులో మొక్క సారం కలిపి ఒంటి వేడి, అంటే 37 డిగ్రీల దగ్గర ఉంచి, కణజాల ప్రొటీన్‌నూ కాల్షియాన్నీ ఒక్కసారిగా కలిపి గడియారం మొదలుపెడతారు. సారం లేని ప్లాస్మా ఇంచుమించు 12 సెకన్లలో గడ్డవుతుంది. 1935లో అమెరికాలో ఆర్మండ్ క్విక్ కనిపెట్టిన ఈ పద్ధతినే ఆసుపత్రి రిపోర్టుల్లో ‘పీటీ’ అని చూస్తుంటాం. సారం కలిపాక 12 కాస్తా 20 అయితే విద్యార్థి ముఖం వెలుగుతుంది.

ప్లేట్‌లెట్ల సంగతి చూడాలంటే పరికరం వేరు. లండన్‌లో గుస్తావ్ బార్న్ 1962లో వివరించిన పద్ధతి ముచ్చటైనది. ప్లేట్‌లెట్లు నిండిన ప్లాస్మా మసకగా ఉంటుంది. ఏడీపీ కలిపితే అవి గుంపులు కట్టి ప్లాస్మా తేటపడుతుంది, దాని గుండా వెలుతురు ఎక్కువ పోతుంది. ఎంత వెలుతురు పోయిందో కొలిస్తే ఎంత గుంపుకట్టాయో తెలుస్తుంది. చిక్కల్లా ఒకటే, ఆ యంత్రం ఖరీదైనది. చిన్న కాలేజీలు వేరే దారి పడతాయి.

ఆ దారి 2006లో నాగపూర్ పరిశోధకులు ఒక పత్రంలో ప్రకటించిన తూకం పరీక్ష. చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని ముందే తూచి పెట్టుకుంటారు. అందులో అర మిల్లీలీటరు రక్తం పోసి 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు గడ్డకట్టనిస్తారు. ఊరిన ద్రవాన్ని తీసేసి గడ్డను తూస్తారు. ఒక గొట్టంలో స్ట్రెప్టోకైనేజ్, ఒకదానిలో ఉత్త నీళ్లు, మిగతావాటిలో పరీక్షించాల్సిన పదార్థం వేసి 90 నిమిషాలు ఉంచి మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే కరిగిన గడ్డ. ఇంత సులువైన, చవకైన పద్ధతి దొరికాక బంగ్లాదేశ్ నుంచి తెలంగాణ దాకా ఎన్ని ఆకులు ఆ గొట్టాల్లోకి దిగాయో లెక్కలేదు. పద్ధతిని తప్పుపట్టలేం. దాని మీద కట్టే ఆశల మేడలే ఇబ్బంది.

గొట్టం ఎలా బోల్తా కొట్టిస్తుంది

మొదటి వల సిట్రేటు లాంటిదే. చుక్కకూర లాంటి ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కూడా కాల్షియాన్ని పట్టేస్తాయి. అలాంటి సారం కలిపితే పీటీ సెకన్లు సాగుతాయి. చూడ్డానికి గొప్ప మందులా ఉంటుంది కానీ ఒంట్లో కాల్షియం నిల్వ ఎముకల నిండా ఉంది, ఈ కిటుకు అక్కడ చెల్లదు. కాస్త అదనంగా కాల్షియం కలిపి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఆ ఒక్క అడుగు వేయని పత్రాలు చాలా కనిపిస్తాయి.

రెండోది టానిన్లు. కరక్కాయలో ఇవి మెండు. చర్మాన్ని తోలుగా పదును పెట్టడానికి కరక్కాయను తరతరాలుగా వాడింది టానిన్లు ప్రొటీన్లను గట్టిగా పట్టుకుంటాయనే. గొట్టంలో అవి ప్లాస్మా ప్రొటీన్లను కూడా అలాగే పట్టేస్తాయి. గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, కానీ అది ఏ ఒక్క మెట్టునో ఎంచుకుని ఆపడం కాదు, కనిపించినవాటినల్లా పట్టుకోవడం.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది మూడోది, తూకం పరీక్షకు సంబంధించింది. కుంకుడుకాయకు నురగ తెచ్చేవి సాపోనిన్లు. చాలా ఔషధ మొక్కల్లోనూ ఇవి ఉంటాయి. సాపోనిన్లు ఎర్రరక్తకణం పొరను చిల్లులు చేస్తాయి. రక్తపు గడ్డ బరువులో పెద్ద వాటా ఎర్రకణాలదే. అవి పగిలితే లోపలి ఎరుపు ద్రవంలోకి దిగిపోతుంది, గడ్డ తేలికవుతుంది. ఫైబ్రిన్ వల ఒక్క పోగు తెగకపోయినా త్రాసు మాత్రం ‘గడ్డ కరిగింది’ అంటుంది. నిజంగా ఫైబ్రిన్ తెగిందా అని చూడడానికి ఇంకో దారి ఉంది. ఫైబ్రిన్ వల తెగినప్పుడు పుట్టే ఒక ముక్కను కొలవాలి. దాని పేరు డీ-డైమర్. కొవిడ్ రోజుల్లో ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరగని కుటుంబం అరుదు కదా. ఎర్రకణాలు పగిలాయా లేదా, డీ-డైమర్ వచ్చిందా లేదా అని చూడకుండా ‘30 శాతం గడ్డ కరిగింది’ అని రాసే పత్రాన్ని పక్కన పెట్టవచ్చనే నా అభిప్రాయం.

బాక్స్: మోతాదు లెక్క

అర మిల్లీలీటరు రక్తపు గడ్డ మీద మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల సారం ఉన్న ద్రావణం ఒక మిల్లీలీటరులో పదోవంతు వేశారనుకుందాం. అంటే 1 మిల్లీగ్రాము సారం. ఆ లెక్కన లీటరు రక్తానికి 2 గ్రాములు. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే 10 గ్రాముల సారం. ఎండు పొడిలో పదోవంతు సారంగా దిగుతుందనుకుంటే 100 గ్రాముల పొడి కావాలి. అదీ పేగు మొత్తం పీల్చుకుని, కాలేయం ఏమీ విరగ్గొట్టకుండా, అంతా ఒకేసారి రక్తంలో ఉంటే! వార్ఫరిన్ రోజు మోతాదు చాలామందికి 5 మిల్లీగ్రాముల అటూఇటూ. అంటే 2,000 రెట్ల తేడా.

ఈ పరీక్షలో వార్ఫరిన్ ఫెయిల్!

ఇప్పుడు కథలో అసలు మలుపు. మొక్కల వైపు నుంచి వచ్చిన, ఫైబ్రిన్ పోగులను ఆపే మందుల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడింది వార్ఫరిన్. దాన్ని తీసుకెళ్లి గాజు గొట్టంలోని ప్లాస్మాలో కలిపితే ఏమీ జరగదు. పన్నెండు సెకన్లు పన్నెండు సెకన్లుగానే ఉంటాయి.

1933 ఫిబ్రవరిలో, మంచు తుపానులో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఎడ్ కార్ల్‌సన్ దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి విశ్వవిద్యాలయం ఉన్న మాడిసన్ పట్టణానికి వచ్చాడు. వెంట చచ్చిన పశువు, పాల క్యానులో గడ్డకట్టని రక్తం, పాడైపోయిన స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం. అప్పటికి పదేళ్లకు పైగా ఉత్తర అమెరికాలో పశువులు ఈ గడ్డి తిని లోలోపల రక్తం కారి చస్తున్నాయి. కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి బృందం ఆ గడ్డిని పట్టుకుని ఆరేళ్లు కూర్చుంది. 1939లో హెరాల్డ్ క్యాంప్‌బెల్ ఆ విషాన్ని స్ఫటికాలుగా విడదీశాడు, అదే డైకూమరాల్. దాని ఆనవాళ్లతో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చింది, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు దీన్నే ఇచ్చారు.

లింక్ బృందం గొట్టాన్ని నమ్ముకోలేదు. సారాన్ని కుందేళ్లకు తినిపించి, ఆగి, తర్వాత వాటి రక్తం తీసి చూసింది. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా. వార్ఫరిన్ రక్తంలోని ప్రొటీన్లను ముట్టుకోదు. కాలేయంలో విటమిన్ కె మళ్లీ మళ్లీ వాడుకలోకి రాకుండా అడ్డుకుంటుంది. దాంతో కొత్తగా తయారయ్యే ఆ నాలుగు ప్రొటీన్లు అరకొరగా పుడతాయి. పాతవి ఖర్చయ్యేదాకా, అంటే కొద్ది రోజులు, ప్రభావం పూర్తిగా కనబడదు. గొట్టంలో కాలేయం లేదు కదా!

ఇంకో సంగతి. తాజా క్లోవర్ గడ్డి తిన్న పశువులకు ఏమీ కాలేదు. అందులో ఉండే కూమరిన్‌ది మంచి వాసనే తప్ప అది రక్తం గడ్డకట్టడాన్ని ఆపదు. గడ్డి తడిసి బూజు పట్టినప్పుడు ఆ బూజు దాన్ని డైకూమరాల్‌గా మార్చింది. ఆస్పిరిన్ కథా అంతే. విల్లో చెట్టు బెరడులోని పదార్థానికి ప్లేట్‌లెట్లను చెప్పుకోదగ్గంతగా ఆపే శక్తి లేదు. 1897లో జర్మనీ బాయర్ కంపెనీ రసాయనవేత్తలు తగిలించిన చిన్న అసిటైల్ ముక్క వల్లే ప్లేట్‌లెట్ తన మిగతా జీవితకాలం, అంటే వారం పది రోజులు, మూగబోతుంది. పైగా ఆస్పిరిన్ వేసుకున్నవారి పీటీ మామూలుగానే ఉంటుంది. అంటే ఈ రంగంలో పేరుమోసిన ‘మొక్కల మందులు’ రెండిట్లో ఒకదానికి బూజు, ఒకదానికి రసాయనశాల చేయి పడింది. రెండూ పీటీ గొట్టంలో ఓడిపోయేవే.

గొట్టం పరీక్ష దండగని దీనర్థం కాదు. జలగ లాలాజలంలోని హిరుడిన్ నేరుగా త్రాంబిన్‌నే పట్టుకుంటుంది, అది గొట్టంలోనూ పనిచేస్తుంది, ఒంట్లోనూ పనిచేస్తుంది. గొట్టంలో నెగ్గిన సారం నుంచి ఒక్కో అణువునూ విడదీయాలి, అది వరసలో ఏ మెట్టును ఆపుతోందో తేల్చాలి, ఎలుకల్లో తోక గాయం నుంచి రక్తం ఎంతసేపు కారుతుందో చూడాలి, ఆపైన మనుషులు. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టు దగ్గరే ఫొటో దిగి ఆగిపోతాయి.

వంటింట్లో ఏం చేయాలి

వెల్లుల్లిని దంచి నూనెలో వేస్తే పుట్టే అజోయిన్ అనే పదార్థం ప్లేట్‌లెట్లను అడ్డుకుంటుందని 1984లో తేలింది. అది వట్టి గొట్టం ముచ్చట కాదు. వెల్లుల్లి మితిమీరి తినే 87 ఏళ్ల వృద్ధుడికి వెన్నుపాము పక్కన దానంతటదే రక్తస్రావమైన ఉదంతం 1990లో వైద్య పత్రికకెక్కింది. అమెరికా మత్తు వైద్యులు 2001లో ఇచ్చిన సలహాల్లో ఆపరేషనుకు కనీసం వారం ముందు వెల్లుల్లి మాత్రలు ఆపాలని ఉంది. చారులో వేసే నాలుగు రెబ్బల గురించి కాదు ఈ హెచ్చరిక, గుండెకు మంచిదని గుప్పెడు మింగేవాళ్ల గురించి, సాంద్రం చేసిన గుళికల గురించి.

గుండెలో లోహపు కవాటం ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లు అసిట్రోమో వార్ఫరినో వాడుతూ ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉంటారు. పీటీనే అన్ని ల్యాబులకూ సరిపోయేలా లెక్కగట్టిన అంకె అది. చాలామందికి 2, 3 మధ్య ఉండాలి, కొన్ని కవాటాలకు ఇంకాస్త ఎక్కువ. పాలకూర, తోటకూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది కాబట్టి అవి మందుకు ఎదురు పనిచేస్తాయి. ఆకుకూరలు మానేయడం దీనికి మందు కాదు. రోజూ ఇంచుమించు ఒకే పాటి తినడం మందు. ఒక వారం మునగాకు పొడి చెంచాలకొద్దీ, తర్వాతి వారం పూర్తిగా బంద్ అంటే అంకె పైకీ కిందికీ ఊగుతుంది. మోతాదు కుదరక ఒకసారి గడ్డ, ఒకసారి రక్తస్రావం.

అందుచేత గడ్డలు కట్టకుండా మందులు వాడుతున్నవారికి ఒక విన్నపం. వాట్సాప్‌లో వచ్చిన కషాయం కోసం మాత్ర ఆపకండి, మాత్రతో పాటు కషాయమూ చెప్పకుండా తాగకండి. ఈసారి ఐఎన్‌ఆర్‌కు వెళ్లినప్పుడు మందుల చీటీతో పాటు ఇంట్లో వాడే చూర్ణాలు, గుళికలు, కషాయాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టండి. చిగుళ్ల నుంచి రక్తం, నల్లని విరేచనం, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తే తేదీ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.